యుద్ధంలో, ఘర్షణల్లో ఆడవాళ్లపై లైంగిక హింస: తర్వాత ఏమవుతుంది? మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

2023 జులైలో, మణిపూర్ ఘర్షణల్లో ఆడవాళ్లను నగ్నంగా ఊరేగించిన వీడియో బయటికి వచ్చిన వారం, హన్మకొండలో మేం నెలకోసారి కూర్చునే ఆడవాళ్ల మీటింగులో అనుకున్న విషయం పక్కకు పోయి రెండు గంటలూ దాని గురించే మాట్లాడుకున్నాం. ఆ తర్వాత జనగామలో, ములుగులో, కాలేజీ పిల్లల దగ్గర, మహిళా సంఘాల దగ్గర ఎక్కడ కూర్చున్నా ఇవే అనుమానాలు వస్తున్నాయి. కొందరు గట్టిగా అడుగుతారు, కొందరు అందరూ వెళ్లిపోయాక చెప్పులు వేసుకుంటూ అడుగుతారు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను, మార్చలేదు. దేనికది విడిగా చదువుకోవచ్చు. చదువుతుంటే కష్టంగా అనిపిస్తే ఆపేయండి, ఇంకో రోజు చూడొచ్చు.

## ముందుగా వచ్చే అనుమానాలు

యుద్ధం అన్నాక ఇవన్నీ జరుగుతాయి కదా, దీన్ని ప్రత్యేకంగా ఎందుకు మాట్లాడాలి?

వాన పడ్డట్టు దానంతట అది జరిగేదైతే అన్ని యుద్ధాల్లో, అన్ని సైన్యాల్లో ఒకేలా జరగాలి. అలా జరగదు. శ్రీలంకలో ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన ఎల్టీటీఈ సామాన్య జనం మీద ఎన్నో దారుణాలు చేసింది, కానీ వాళ్ల వైపు నుంచి అత్యాచారాలు చాలా అరుదు అని పరిశోధకులు గుర్తించారు. అదే బోస్నియాలో ఫోచా అనే ఊళ్లో 1992లో ఆడవాళ్లను బడిలో, ఆటల హాల్లో, ఇళ్లలో నెలల తరబడి బంధించి ఉంచారు. బడి తాళాలు ఎవరో తెరిచారు, కాపలాకు ఎవరినో పెట్టారు, రోజూ ఎవరిని తీసుకుపోవాలో ఎవరో చెప్పారు. పైవాళ్లు వద్దంటే చాలావరకు ఆగుతుంది, చూసీ చూడనట్టు ఉంటే పెరుగుతుంది, చెయ్యమంటే ఒక పథకంలా నడుస్తుంది. "జరుగుతాయి" అనే మాట ఆ పైవాళ్లను వదిలేస్తుంది.

'మానభంగం' అనొద్దు అంటారేంటి? మా ఊళ్లో అందరూ అదే అంటారు.

ఆ మాటను విప్పి చూడండి. మానం భంగమైంది అంటున్నాం. ఎవరి మానం? ఆమెది. అంటే దాడి చేసినవాడికి ఏమీ పోలేదు, దెబ్బలు తిన్నామెకే ఏదో పోయింది, అది మళ్లీ రాదు అని ఒక్క మాటలో తీర్పు చెప్పేస్తున్నాం. "చెడిపోయింది", "పాడు చేసిండ్రు" కూడా అంతే, పండు గురించో పాల గురించో మాట్లాడుతున్నట్టు. ఇంటికి దొంగ వస్తే ఆ ఇల్లు చెడిపోయింది అనం కదా.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం 27వ అధికరణం ఆడవాళ్లను అత్యాచారం నుంచి కాపాడాలని చెబుతూ, దాన్ని వాళ్ల "గౌరవం మీద దాడి" అనే రాసింది. దాన్ని శరీరం మీద, మనిషి మీద జరిగిన నేరంగా స్పష్టంగా చూడటానికి 1990ల చివర్లో, రువాండా మారణహోమం మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన కోర్టు తీర్పు, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పునాది వేసిన 1998 నాటి రోమ్ శాసనం దాకా ఆగాల్సి వచ్చింది. అత్యాచారం, లైంగిక హింస, దాడి అనే మాటలు మనకున్నాయి. నేను అవే వాడతాను. మీ ఊళ్లో ఒకామె తనకు జరిగినదాన్ని వేరే మాటతో చెప్పుకుంటే మాత్రం దిద్దకండి, అది ఆమె ఇష్టం.

మన దగ్గర రజాకార్ల కాలంలోనే కదా జరిగింది? వాళ్లు పోయాక అంతా సర్దుకుంది కదా?

మా నాయనమ్మది జనగామ వైపు పల్లె. రజాకార్ల గడబిడ గురించి ఎన్నో చెప్పేది, ధాన్యం ఎక్కడ దాచారో, రాత్రుళ్లు జొన్నచేలల్లో ఎలా పడుకున్నారో, అన్నీ. ఒక్కచోటికి వచ్చేసరికి మాత్రం "ఆడోళ్లను బగ్గ బాధపెట్టిన్రు బిడ్డా" అని ఆగిపోయేది. అంటే ఏం చేసిన్రు నాయనమ్మా అని ఒకసారి అడిగాను. లేచి బర్రెకు కుడితి పెట్టడానికి పోయింది. మళ్లీ అడగలేదు నేను.

రజాకార్లు చేసిన అత్యాచారాలు నిజం. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగాక, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లిం కుటుంబాల మీద జరిగిన దాడుల్లో ఆడవాళ్లపై అత్యాచారాలు, అపహరణలు జరగడం కూడా నిజం. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ ఈ సంగతి తన నివేదికలో రాసింది, ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు, 2013లో గానీ జనానికి చదవడానికి దొరకలేదు. ఆ తర్వాత 1951 దాకా సాయుధ పోరాటాన్ని అణచడానికి వచ్చిన బలగాల మీదా పల్లెల నుంచి ఇవే ఫిర్యాదులు ఉన్నాయి. 1980ల్లో హైదరాబాద్‌కు చెందిన స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్ల మాటల్లోనే ఆ కాలాన్ని రికార్డు చేశారు. అప్పటికే ముప్పై ఏళ్లు దాటిపోయాయి.

మన వైపు ఆడవాళ్లకు జరిగింది మాత్రమే అత్యాచారం, అవతలి వైపు ఆడవాళ్లకు జరిగింది ప్రతీకారం అనుకునేవాళ్లు నాకు చాలామంది ఎదురయ్యారు. బాధపడినామె మతం, పార్టీ, ఊరు చూసి బాధను కొలిస్తే రేపు ఇంకొకరు మన బాధను కూడా అలాగే కొలుస్తారు.

ఎంతమందికి జరిగిందో లెక్కలు ఒక్కోచోట ఒక్కోలా ఎందుకుంటాయి?

చాలామంది చెప్పరు, కొందరు చెప్పడానికి బతికి ఉండరు, చెప్పినా రాసుకునే ఆఫీసు ఆ రోజుల్లో ఉండదు. అందుకే అంచనాల మధ్య అంత తేడా. బంగ్లాదేశ్ 1971 యుద్ధానికి రెండు లక్షల నుంచి నాలుగు లక్షల మంది అంటారు, రువాండా 1994కు రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షలు, బోస్నియాకు ఇరవై వేల నుంచి యాభై వేలు. మరోపక్క, ఐక్యరాజ్యసమితి తాను విచారించి నిర్ధారించుకున్న ఘటనలు మాత్రమే లెక్కేస్తే 2023లో ప్రపంచం మొత్తం మీద 3,688. ఈ చిన్న అంకె చూసి ఇంతేనా అనుకోవద్దు, అది తలుపు తట్టి చెప్పుకోగలిగినవాళ్ల లెక్క.

మగవాళ్లకు జరగదా?

జరుగుతుంది, ముఖ్యంగా నిర్బంధంలో, విచారణ పేరుతో. వాళ్లు ఇంకా తక్కువ చెప్పుకుంటారు. ఇక్కడ నేను ఆడవాళ్ల గురించి రాస్తున్నది బాధితుల్లో చాలా ఎక్కువమంది వాళ్లే కాబట్టి.

## జరిగిన వెంటనే

మొదటి మూడు రోజులు చాలా ముఖ్యం అంటారు, ఎందుకు?

ఎందుకంటే కొన్ని మందులకు గడువు ఉంది. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది, మొత్తం 28 రోజులు ఆపకుండా వాడాలి. గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర మొదటి మూడు రోజుల్లో బాగా పనిచేస్తుంది, ఐదు రోజుల దాకా ఇస్తారు. టీటీ ఇంజెక్షన్, హెపటైటిస్ బి టీకా, సుఖవ్యాధులకు మందులు కూడా అప్పుడే ఇస్తారు. ఒంటి మీద ఆధారాలు కూడా ఆ మూడు నాలుగు రోజుల్లోనే దొరుకుతాయి. కట్టుకున్న బట్టలు ఉతక్కుండా ఒక కాగితం సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ కవర్‌లో పెడితే తేమకు పాడవుతాయి.

ఇప్పుడు యుద్ధం జరుగుతున్నచోట దీన్ని ఊహించండి. రోడ్లు మూసేసి ఉంటాయి, ఆసుపత్రి కాలిపోయి ఉంటుంది, ఆమె పిల్లలతో అడవిలో దాక్కుని ఉంటుంది. 72 గంటలు అలాగే గడిచిపోతాయి. ఘర్షణలో జరిగిన దాడికి పర్యవసానాలు అంత పెద్దగా ఉండటానికి ఒక కారణం ఇదే, మందు ఉంటుంది కానీ మందు దగ్గరికి దారి ఉండదు. గడువు దాటిపోయినా సరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. గాయాలకు, ఇన్ఫెక్షన్లకు, మనసుకు వైద్యం ఎప్పుడైనా ఉంది.

పోలీసు కేసు పెట్టకపోతే ఆసుపత్రిలో చూడరంట, నిజమేనా?

కాదు. సర్కారు దవాఖాన అయినా ప్రైవేటు అయినా అత్యాచారానికి గురైనవాళ్లకు వెంటనే, ఉచితంగా వైద్యం చేయాలని చట్టం చెబుతోంది, ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 397వ సెక్షన్. చేయకపోతే ఆసుపత్రి నడిపేవాళ్ల మీదే కేసు పెట్టొచ్చు. ఆసుపత్రి తన వంతుగా పోలీసులకు సమాచారం ఇస్తుంది, కానీ "ముందు ఎఫ్ఐఆర్ తెండి, తర్వాత చూస్తాం" అనే హక్కు ఏ డ్యూటీ డాక్టర్‌కూ లేదు. మా దగ్గరి ఒకామెను ఒక ఆసుపత్రిలో ఇలాగే నాలుగు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. మాకు అప్పుడు ఈ సెక్షన్ నంబర్ తెలియదు. తెలిసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను, అందుకే రాశాను.

అరవలేదు, తిరగబడలేదు. అంటే ఒప్పుకున్నట్టే కదా?

కాదు. భయం హద్దు దాటినప్పుడు శరీరం కొయ్యబారిపోతుంది, గొంతు రాదు, చెయ్యి లేవదు. ఇది మనం ఎంచుకుని చేసేది కాదు, మెదడు ప్రాణం కాపాడుకోవడానికి తనంతట తాను చేసే పని. పాముని చూసి పరుగెత్తేవాళ్లుంటారు, అక్కడే బిగుసుకుపోయేవాళ్లూ ఉంటారు. పైగా తుపాకులు పట్టుకుని పదిమంది ఇంటి ముందు నిలబడి, లోపల పిల్లలు ఉన్నప్పుడు ఒప్పుకోవడం అనే మాటకే అర్థం లేదు. బలవంతపు పరిస్థితి ఉన్నచోట సమ్మతి అనేది ఉండదని అంతర్జాతీయ కోర్టులు కూడా చెప్పాయి.

రెండు వేళ్ల పరీక్ష చేస్తారంట, అది తలుచుకుంటేనే భయం.

యోనిలో వేళ్లు పెట్టి, ఆమెకు ముందే లైంగిక సంబంధాలు ఉన్నాయేమో అని చూసే ఆ పరీక్ష చేయకూడదు. సుప్రీంకోర్టు 2013లోనే తప్పని చెప్పింది, 2022 అక్టోబర్‌లో మళ్లీ గట్టిగా, ఇంకా ఎవరైనా చేస్తే దుష్ప్రవర్తనగా లెక్కించాలని తీర్పు ఇచ్చింది. ఏ పరీక్షకైనా ముందు ఆమెకు చెప్పి, ఒప్పుకోలు తీసుకోవాలి. ఏ దశలోనైనా ఆమె వద్దు అనొచ్చు, వద్దన్నందుకు వైద్యం ఆపకూడదు.

ఫిస్టులా అని చదివాను, అదేంటి?

మూత్రాశయానికి గానీ మలాశయానికి గానీ, యోనికి మధ్య రంధ్రం పడటం. కష్టమైన కాన్పుల్లోనూ వస్తుంది, క్రూరమైన అత్యాచారాల వల్లా వస్తుంది. మూత్రమో మలమో తెలియకుండానే కారుతుంటుంది, వాసన వస్తుంది, ఆ వాసన వల్ల ఇంట్లోవాళ్లే దూరం పెడతారు. కాంగోలోని బుకావులో పాంజీ ఆసుపత్రి ఇలాంటివాళ్లకు చేసిన ఆపరేషన్ల వల్లే ప్రపంచానికి తెలిసింది. దాన్ని నడిపే డాక్టర్ డెనిస్ ముక్వేగేకి, ఇరాక్‌లో ఐసిస్ ఉగ్రవాదుల చెరనుంచి తప్పించుకున్న, యజీదీ అనే చిన్న మతవర్గానికి చెందిన యువతి నదియా మురాద్‌కి కలిపి 2018లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. ఆపరేషన్‌తో బాగవుతుంది, కొందరికి రెండు మూడుసార్లు చేయాల్సి వస్తుంది. పాంజీలో ఆపరేషన్ ఒక్కటే కాదు, మనసుకు వైద్యం, వకీలు సాయం, బతుకుదెరువు పని నేర్పడం అన్నీ ఒకేచోట పెట్టారు. ఒట్టి కుట్లు వేసి పంపిస్తే ఆమె తిరిగి ఎక్కడికి పోతుంది అనే ప్రశ్న నుంచి వచ్చిన పద్ధతి అది.

గర్భం వస్తే ఏం చేయాలి? మొగుడు సంతకం పెట్టాలా?

పద్దెనిమిది నిండిన ఆమె సంతకం ఒక్కటే చాలు, భర్తదీ తండ్రిదీ అక్కర్లేదు. 2021లో మారిన చట్టం ప్రకారం అత్యాచారం వల్ల వచ్చిన గర్భాన్ని 24 వారాల దాకా తీసేయించుకోవచ్చు. 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు, ఆ తర్వాత ఇద్దరు కావాలి. గడువు దాటితే కోర్టుకు పోవాల్సి వస్తుంది. మైనర్ అయితే పెద్దవాళ్ల సంతకం కావాలి. ఉంచుకోవాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం, రెండు వైపుల నుంచీ ఒత్తిడి పెట్టకండి.

## నెలలు, ఏళ్లు గడిచాక

పదేళ్లయినా మర్చిపోలేదంటే ఆమె మనసు బలహీనమా?

బూట్ల చప్పుడు విన్నా, డీజిల్ వాసన వచ్చినా, ఎవరైనా వెనక నుంచి భుజం మీద చెయ్యి వేసినా ఆ రోజు మళ్లీ జరుగుతున్నట్టే ఉంటుంది. గుర్తు రావడం కాదు, మళ్లీ జరగడం. నిద్ర పట్టదు, పడితే పీడకలలు. కొందరికి కడుపునొప్పి, నడుంనొప్పి, ఒళ్లంతా మంటలు, ఎన్ని పరీక్షలు చేయించినా ఏమీ దొరకదు. కొందరికి ఏ భావమూ ఉండదు, నవ్వూ రాదు ఏడుపూ రాదు, చూసేవాళ్లు "బాగానే ఉంది కదా" అనుకుంటారు. మన పల్లెల్లో దీన్ని గాలి సోకింది అంటారు, దయ్యం పట్టింది అంటారు, ఎక్కడెక్కడికో తిప్పుతారు.

ఇది గాయం. వైద్యం ఉంది, మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. అయితే యుద్ధం నుంచి బయటపడ్డవాళ్లతో పనిచేసేవాళ్లు చెప్పే ఒక మాట నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. ఆ తర్వాత ఆమె ఎక్కడ ఉంటోంది, ఎవరితో ఉంటోంది, తిండి ఉందా, ఆమెను నమ్మారా అన్నదాన్ని బట్టి ఆ గాయం మానడమో పుండు కావడమో ఉంటుంది. దాడి ఒక రోజు జరిగి ఉండొచ్చు, ఆ తర్వాతి పదేళ్లు ఆమెతో ఎలా ఉన్నామన్నది మాత్రం మనదే.

చెప్పుకుంటే బరువు దిగుతుంది కదా, మేమే కూర్చోబెట్టి అడగాలా?

వద్దు. జరిగినదాన్ని వివరంగా చెప్పమని పదే పదే అడగడం మేలు చేయదు, కొందరికి కీడు చేస్తుంది. ఆమె తానుగా మొదలుపెడితే వినండి, మధ్యలో ఆపితే ఆపనివ్వండి. "తర్వాత ఏమైంది?" అనే ప్రశ్న పోలీసులకు, జడ్జికి అవసరం, మనకు అవసరం లేదు.

నిజమైతే అప్పుడే ఎందుకు చెప్పలేదు? నలభై ఏళ్లకు ఎందుకు బయటికి వస్తారు?

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం కొరియా, చైనా, ఫిలిప్పీన్స్, ఇంకా చాలాచోట్ల ఆడవాళ్లను సైనికుల కోసం బంధించి ఉంచింది. యుద్ధం 1945లో అయిపోయింది. దక్షిణ కొరియాలో కిమ్ హక్ సున్ అనే ఆమె తన సొంత పేరుతో, ముఖం చూపిస్తూ మొదటిసారి మాట్లాడింది 1991 ఆగస్టు 14న. మధ్యలో 46 ఏళ్లు. అప్పటికి ఆమెకు భర్త లేడు, పిల్లలూ లేరు, పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆమె మాట్లాడాక ఒకరి తర్వాత ఒకరు ఎన్నో దేశాల నుంచి ముసలివాళ్లు బయటికి వచ్చారు. అంతదాకా చెప్పనిది అబద్ధం కాబట్టి కాదు. చెబితే కూతురి పెళ్లి ఆగిపోతుందని, కొడుకు తలెత్తుకోలేడని, అన్నదమ్ములు ఎవరినైనా చంపి జైలుకు పోతారని. మన ఇళ్లలో ఆడవాళ్లు మాట మింగే కారణాలు కూడా ఇవే కదా.

## ఇల్లు, పిల్లలు, ఊరు

భర్త వదిలేస్తే అతన్ని తప్పుపట్టగలమా? అతనూ బాధపడ్డాడు కదా.

బాధపడ్డాడు, నిజమే. చాలాచోట్ల కావాలనే భర్త ముందు, తండ్రి ముందు చేస్తారు, నీ వాళ్లను నువ్వు కాపాడుకోలేవు అని చూపించడానికి. అతనికీ సాయం కావాలి. కానీ అతను ఆమెను వదిలేసిన రోజు, దాడి చేసినవాళ్లు ఏ ఇల్లు కూలాలనుకున్నారో ఆ ఇల్లు కూలినట్టే. మా మీటింగులో ఒక పెద్దావిడ "వాళ్లు ఒక్కనాడు కొట్టిన్రు, మనోళ్లు దినాం కొడ్తరు" అంది. దానికి మించి నేను చెప్పగలిగేది లేదు.

అలా పుట్టిన పిల్లల సంగతేంటి?

రువాండాలో వాళ్లను చాలా ఏళ్లు "చేదు జ్ఞాపకాల పిల్లలు" అన్నారు. మారణహోమం బాధితుల కోసం అక్కడి ప్రభుత్వం పెట్టిన నిధి వీళ్లకు వర్తించలేదు, ఎందుకంటే వీళ్లలో చాలామంది పుట్టింది 1995లో, ఆ నిధి 1994 చివరిదాకా జరిగినదానికి. తల్లికి సాయం అందింది, ఆమె ఒడిలో ఉన్న బిడ్డకు బడి ఫీజు అందలేదు. బంగ్లాదేశ్‌లో 1972లో ప్రత్యేక ఆదేశం తెచ్చి పిల్లల్ని విదేశాలకు దత్తతకు పంపారు, కెనడాకు వెళ్లిన మొదటి గుంపులో పదిహేనుమంది పసివాళ్లున్నారు.

బోస్నియాలో ఆ పిల్లలే పెరిగి పెద్దయ్యి సంఘం పెట్టుకుని, మమ్మల్ని కూడా యుద్ధ బాధితులుగా చట్టంలో రాయండి అని అడిగారు. బ్రచ్కో జిల్లా 2022లో, ఆ తర్వాత ఏడాది ఆ దేశంలోని పెద్ద భాగాల్లో ఒకటైన బోస్నియా ఫెడరేషన్ రాశాయి. ముప్పై ఏళ్లు పట్టింది. తండ్రి పేరు కాలమ్ దగ్గర ఫారం ఆగిపోవడం అన్నది ఎంత చిన్న విషయమో అంత పెద్ద విషయం, స్కూల్లో అడ్మిషన్ రాసే టీచర్లు ఎవరైనా చదువుతుంటే ఇది గుర్తుంచుకోండి.

'వీరాంగన' అని బిరుదు ఇస్తే గౌరవం వస్తుంది కదా?

1971 యుద్ధం అయ్యాక బంగ్లాదేశ్ ఆ పనే చేసింది, ఆ దేశ నాయకుడు షేక్ ముజీబ్ ఆ ఆడవాళ్లను బీరాంగన (బెంగాలీలో వీరాంగన) అన్నాడు. ఉద్దేశం మంచిదే. ఊళ్లలో మాత్రం ఆ మాటే ఒక గుర్తు అయిపోయింది, ఫలానా ఆమె బీరాంగన అంటే ఏం జరిగిందో అందరికీ తెలిసిపోయేది. చాలామంది ఆ పేరు దాచుకున్నారు. 2015లో ప్రభుత్వం వాళ్లను స్వాతంత్ర్య యోధులుగా గుర్తించి పింఛను ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటికి 44 ఏళ్లు, ఎంతోమంది పోయారు. బిరుదు కంటే ముందు ఇల్లు, వైద్యం, పింఛను ఇచ్చి ఉంటే అని నాకనిపిస్తుంది.

పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకుంటే, డబ్బులు ఇప్పిస్తే పోదా? కోర్టు దాకా ఎందుకు?

అత్యాచారం రాజీ కుదిర్చే నేరం కాదు, చట్టం ఒప్పుకోదు. పంచాయితీలో డబ్బు సాధారణంగా ఆమె చేతికి రాదు, ఇంటి మగవాళ్ల చేతికి పోతుంది. చేసినవాడు అదే వీధిలో తిరుగుతుంటాడు. కొన్నిచోట్ల వాడికే ఇచ్చి పెళ్లి చేస్తారు, దాన్ని నేను పరిష్కారం అనలేను.

ఒకరిద్దరికి జరిగితే ఊరంతా ఎలా నష్టపోతుంది?

మన దగ్గర లెక్కలోనే చూడండి. ములుగు, భూపాలపల్లి వైపు ఎండాకాలం తునికాకు కోతకు పోయేవాళ్లలో ఎక్కువ ఆడవాళ్లే. పొద్దుగాల అడవికి పోవాలంటే భయం అనే పరిస్థితి వస్తే ఆ ఏడాది ఆకు కూలి పోయినట్టే, ఆ కూలితో కట్టే ఫీజు, తీర్చే అప్పు అన్నీ పోయినట్టే. సూడాన్‌లోని డార్ఫుర్‌లో శిబిరాల నుంచి కట్టెలకు బయటికి వెళ్లిన ఆడవాళ్ల మీద దాడులు చేశారు. మగవాళ్లు పోతే చంపేస్తారు, ఆడవాళ్లు పోతే అత్యాచారం చేస్తారు, కాబట్టి ఆడవాళ్లే పోవాలి అని నిర్ణయించుకోవాల్సి వచ్చింది ఆ కుటుంబాలకు. ఇలాంటి నిర్ణయం తీసుకున్న ఇల్లు మళ్లీ మామూలు ఇల్లు కాగలదా?

ఆడపిల్లల్ని బడి మాన్పిస్తారు, రక్షణ అని చిన్న వయసులోనే పెళ్లి చేస్తారు, సిరియా నుంచి వచ్చిన శరణార్థుల్లో ఇది బాగా కనిపించింది. ఊరు ఖాళీ అవుతుంది. నిజానికి ఊరు ఖాళీ చేయించడమే చాలాసార్లు అసలు ఉద్దేశం.

## చట్టం, కోర్టు

ఇంతకీ ఎవరికైనా శిక్ష పడిందా?

పడింది. రువాండాలో టబా అనే ఊరి మేయర్ అకయేసు మీద మొదట పెట్టిన అభియోగాల్లో అత్యాచారం అసలు లేదు. విచారణలో ఒక తల్లి సాక్ష్యం చెబుతూ మధ్యలో తన చిన్న కూతురికి జరిగింది చెప్పింది. బెంచీ మీద ఒకే ఒక మహిళా జడ్జి ఉంది, దక్షిణాఫ్రికాలో తమిళ కుటుంబంలో పుట్టిన నవనీతం పిళ్లై. ఆ మాట దగ్గర ఆగి ఇంకా అడిగారు. 1997లో అభియోగాలు మార్చారు, 1998 సెప్టెంబర్ 2న తీర్పు వచ్చింది. అత్యాచారాన్ని జాతిహననంలో భాగంగా గుర్తించి శిక్షించిన మొదటి తీర్పు అది. ఫోచా కేసులో 2001లో ముగ్గురికి శిక్ష పడింది, ఆడవాళ్లను అలా బంధించి ఉంచడాన్ని బానిసత్వం అన్నారు. కానీ జరిగినదాని పక్కన పెడితే ఈ శిక్షలు చాలా తక్కువ, అది దాచడం నాకిష్టం లేదు.

మన దేశంలో పోలీసు మీద, సైనికుడి మీద కేసు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. 2013 సవరణతో, మోహరించిన ప్రాంతంలో సాయుధ బలగాల వ్యక్తి చేసిన అత్యాచారాన్ని తీవ్రమైన నేరంగా విడిగా రాశారు, మత కలహాల సమయంలో చేసినదాన్ని కూడా. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహిత 64వ సెక్షన్‌లో ఉంది, కనీసం పదేళ్లు. అత్యాచారం కేసులో ప్రభుత్వోద్యోగిని విచారించడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదని కూడా అప్పుడే చెప్పారు. అయితే సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం ఉన్న ప్రాంతాల్లో కేంద్రం అనుమతి లేకుండా కేసు నడవదు. ఆ చట్టాన్ని కూడా మార్చాలని 2013 జనవరిలో జస్టిస్ వర్మ కమిటీ సిఫార్సు చేసింది, మార్చలేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ రాయించవచ్చు, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. మణిపూర్‌లో అలా రాశారు కూడా, 2023 మే 4న జరిగినదానికి మే 18న. కానీ జులైలో వీడియో బయటికి వచ్చేదాకా ఒక్క అరెస్టు లేదు.

వాకపల్లి కేసు ఏమైంది?

2007 ఆగస్టులో పాడేరు ఏజెన్సీలోని వాకపల్లిలో కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ (మావోయిస్టుల కోసం గాలించే ప్రత్యేక దళం) పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు నిందితులైన పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. దర్యాప్తు అధికారులు సరిగా దర్యాప్తు చేయకపోవడమే కారణమని చెప్పింది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. దాదాపు పదహారేళ్లు కొండ దిగి కోర్టుకు తిరిగారు వాళ్లు. మొదటి రోజుల్లో ఎవరు ఏం రాశారు, ఏం రాయలేదు అన్నదే పదహారేళ్ల తర్వాత తీర్పు అయి కూర్చుంటుంది.

కోర్టులో అందరి ముందు ముఖం చూపించాలా?

అత్యాచారం కేసుల విచారణ మూసిన గదిలో జరగాలి, ఇది చట్టం. ఆమె పేరు, ఊరు, గుర్తుపట్టే ఏ వివరమైనా బయటపెడితే రెండేళ్ల దాకా జైలు. గ్వాటెమాలాలో సెపుర్ జార్కో కేసులో కెక్చి తెగ ఆడవాళ్లు తలల మీదుగా రంగురంగుల వస్త్రాలు కప్పుకుని కోర్టులో కూర్చున్నారు. 1980ల్లో సైనిక స్థావరంలో జరిగినదానికి 2016 ఫిబ్రవరిలో ఇద్దరికి శిక్ష పడింది, ఒకరికి 120 ఏళ్లు, ఇంకొకరికి 240. వాళ్లు డబ్బు ఒక్కటే అడగలేదు, ఊరికి దవాఖాన, పిల్లలకు బడి కూడా కావాలన్నారు.

పరిహారం తీసుకుంటే డబ్బుల కోసం చెప్పింది అంటారేమో?

అంటారు. అనేవాళ్లు తీసుకోకపోయినా ఏదో ఒకటి అంటారు. 2018 నాటి పథకం ప్రకారం అత్యాచారానికి నాలుగు నుంచి ఏడు లక్షలు, సామూహిక అత్యాచారానికి ఐదు నుంచి పది లక్షలు ఇవ్వొచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టాలి, తీర్పు వచ్చేదాకా ఆగక్కర్లేదు, మధ్యంతర సాయం కూడా ఉంది. అది ఆమె హక్కు. వైద్యానికి, ఊరు మారడానికి, పనికి పోలేని నెలలకు ఆ డబ్బు కావాలి.

## మనం ఏం చేయాలి

అలాంటి ఆమె మా చుట్టాల్లోనే ఉంది. ఏం మాట్లాడాలో తెలియక పోవడమే మానేశాను.

పోండి. ఏం మాట్లాడాలో తెలియకపోయినా పోండి. "నిన్ను నమ్ముతున్నా అక్కా, నీ తప్పేం లేదు" అనే మాట ఒక్కసారి చెబితే చాలు, ఆ తర్వాత ఉల్లిగడ్డలు తరుగుతూ మామూలు సంగతులు మాట్లాడుకోవచ్చు. పెళ్లికి పిలవండి, బొట్టు పెట్టి పిలవండి, బతుకమ్మ ఆడేటప్పుడు చెయ్యి పట్టుకుని వలయంలోకి తీసుకురండి, రానంటే బలవంతం వద్దు, వచ్చే ఏడాది మళ్లీ పిలవండి. "మర్చిపో", "దేవుడున్నాడు", "నీకే ఎందుకు జరిగింది" ఇవి మాత్రం అనకండి.

వాట్సాప్‌లో వీడియో వచ్చింది. అందరికీ తెలియాలని పంపితే తప్పా?

తప్పు, చట్టప్రకారం నేరం కూడా. పంపిన ప్రతిసారీ ఆమెను మళ్లీ నడిరోడ్డు మీద నిలబెడుతున్నాం. ఆధారం అనుకుంటే పోలీసులకో వకీలుకో ఇవ్వండి, గ్రూపులో వేయకండి. ముఖం మసక చేశాను కదా అంటారు, గొంతు, చీర, వెనక కనిపించే ఇల్లు చాలు ఊళ్లోవాళ్లు గుర్తుపట్టడానికి.

ఇప్పటికిప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి?

ప్రమాదంలో ఉంటే 112 లేదా 100. ఆడవాళ్లకు సాయం 181, వాళ్లే దగ్గర్లోని సఖి కేంద్రానికి కలుపుతారు, అక్కడ వైద్యం, వకీలు, తాత్కాలికంగా ఉండటానికి చోటు చూస్తారు. పద్దెనిమిది లోపు పిల్లలైతే 1098. ఉచిత న్యాయ సాయానికి 15100. నిద్ర పట్టక, గుండె దడతో, చచ్చిపోవాలనిపిస్తూ ఉంటే టెలీ మానస్ 14416, రాత్రి పగలు ఎప్పుడైనా, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ ఆమె చేతికి ఇచ్చి గది బయట కూర్చోండి, పిలిస్తే వినబడేంత దూరంలో.